బరువున్నవాళ్ల మెదడుకి నిగ్రహమే ఉండదా? స్కాన్ వార్తలు చదివి వచ్చేవాళ్లకి ఏం చెప్పాలి

పథ్యం_పద్మజ
బరువు తగ్గాలని డైట్ కౌన్సెలింగ్‌కి వచ్చేవాళ్ల దగ్గర ఈ మధ్య రెండు మాటలు వినిపిస్తున్నాయి. కొందరు "నోరు కట్టుకోవడం నాకు చేతకాదు, తప్పంతా నాదే" అని తల దించుకుంటారు. ఇంకొందరు ఫోన్‌లో ఏదో వార్త చూపించి "స్థూలకాయుల మెదడే అంతట, ఇంక ఏం చేసి ఏం లాభం" అంటారు. మొదటివాళ్లు నెల తిరక్కుండా మానేస్తారు, రెండోవాళ్లు మొదలే పెట్టరు.

తెలిసినవాళ్లు రెండు విషయాలు చెప్పండి. ఒకటి, ఆ ఎర్రటి మచ్చలున్న మెదడు బొమ్మలు అసలు ఏం కొలుస్తాయి? రెండు, రాత్రి భోజనమై కడుపు నిండుగా ఉన్నా తొమ్మిదిన్నరకల్లా చెయ్యి మిక్చర్ డబ్బా మీదకి పోయేవాళ్లకి ఏ పద్ధతి పనిచేస్తుంది? "మనసు గట్టి చేసుకోండి" అన్న సలహా మాత్రం వద్దు.

జిమ్_జగదీశ్
మెదడు, హార్మోను అన్నీ సాకులండి. తక్కువ తింటే తగ్గుతారు, అంతే లెక్క. ఆర్మీ ట్రైనింగ్‌కి వెళ్లినవాళ్లు అందరూ తగ్గట్లేదా? నిగ్రహం కండరం లాంటిది, వాడేకొద్దీ గట్టిపడుతుంది.

స్కానింగ్_మూర్తి
జగదీశ్ గారూ, ఆర్మీలో ఏం వండాలి, ఎప్పుడు పెట్టాలి, ఎంత పెట్టాలి అనేది మెస్సు నిర్ణయిస్తుంది. రాత్రి తొమ్మిదిన్నరకి బారక్‌లో మిక్చర్ డబ్బా ఉండదు. అక్కడ తగ్గించింది మనిషి నిగ్రహం అనుకుంటే పొరపాటు.

ఇక కండరం మాట. 1998లో ఒక పేరున్న ప్రయోగం వచ్చింది. ఎదురుగా చాక్లెట్ బిస్కట్లు పెట్టి ముల్లంగి మాత్రమే తినమన్నారు. అలా ఆపుకున్నవాళ్లు తర్వాత ఇచ్చిన కష్టమైన పజిల్‌ని తొందరగా వదిలేశారు. దాంతో నిగ్రహం కండరంలా వాడితే అలిసిపోతుందనే సిద్ధాంతం పుట్టింది. 2016లో 23 ప్రయోగశాలలు కలిసి రెండువేల మందికి పైగా మనుషులతో ఆ సిద్ధాంతాన్ని మళ్లీ పరీక్షిస్తే, ప్రభావం దాదాపు సున్నా.

సందేహాల_సత్యం
మూర్తి గారు, స్కాన్ సంగతి చెప్పండి. బొమ్మలో ఎర్రగా ఉన్నచోట "ఆశ" ఉన్నట్టేనా?

స్కానింగ్_మూర్తి
కాదు. ఆ బొమ్మలు తీసే ఎఫ్‌ఎంఆర్‌ఐ స్కాన్ న్యూరాన్ల (మెదడు కణాల) పనిని నేరుగా కొలవదు, రక్తంలో ఆక్సిజన్ మార్పుని కొలుస్తుంది. ఒకచోట న్యూరాన్లు ఎక్కువ పనిచేస్తే అక్కడికి రక్తం ఎక్కువ వస్తుంది, ఆ సిగ్నల్ గరిష్ఠానికి చేరడానికి 5-6 సెకన్లు పడుతుంది. మార్పు చాలా చిన్నది, ఒక శాతం అటూ ఇటూ. బొమ్మలో ఒక్కో చుక్క రెండు మూడు మిల్లీమీటర్ల ఘనం, అందులో లక్షల న్యూరాన్లు ఉంటాయి. ఎరుపు రంగు అంటే "ఈ రెండు సందర్భాల మధ్య తేడా మేం పెట్టుకున్న గణాంకాల గీత దాటింది" అని, అంతవరకే.

ప్రయోగం ఇలా జరుగుతుంది. మనిషి నాలుగైదు గంటలు ఏమీ తినకుండా వస్తాడు. యంత్రంలో పడుకోబెట్టి నోట్లో సన్నటి గొట్టం పెడతారు. తెర మీద మిల్క్‌షేక్ బొమ్మ పడుతుంది, కాసేపటికి గొట్టంలోంచి అర మిల్లీలీటరో ఒక మిల్లీలీటరో మిల్క్‌షేక్ వస్తుంది. పోల్చడానికి మామూలు నీళ్లు వాడరు, నీళ్లకీ నాలుక స్పందిస్తుంది కాబట్టి. పొటాషియం క్లోరైడ్, సోడియం బైకార్బనేట్ చిటికెడు కలిపి ఉమ్మిలాంటి రుచిలేని ద్రవం చేస్తారు. బొమ్మ చూసినప్పటి సిగ్నల్ వేరు, గుటక పడినప్పటి సిగ్నల్ వేరు. వార్తల్లో ఈ రెండూ కలిపేస్తారు. అసలు కీలకం అక్కడే ఉంది: చాలా ప్రయోగాల్లో స్థూలకాయం ఉన్నవాళ్ల మెదడు ఆహారం *సూచన* చూసినప్పుడు ఎక్కువ కదులుతుంది, రుచి అందినప్పుడు అంత కదలదు. అన్ని ప్రయోగాల్లోనూ ఇలాగే వచ్చిందని మాత్రం అనుకోకండి.

స్కాన్‌ని పాడుచేసేవి బోలెడు. గుటక వేస్తే తల కదులుతుంది, రెండు మిల్లీమీటర్లు కదిలినా ఆ భాగం పారేయాల్సి వస్తుంది. బరువు ఎక్కువున్నవాళ్లలో ఊపిరి తీరు, రక్తనాళాల స్పందన వేరుగా ఉంటాయి, ఆ తేడా మెదడు తేడాలా కనిపించొచ్చు. యంత్రం గొట్టం వెడల్పు 60 లేదా 70 సెంటీమీటర్లు. బాగా బరువున్నవాళ్లు అందులో పట్టరు, కాబట్టి అధ్యయనాల్లోనే ఉండరు. ఇరవై ముప్పై మందితో చేసిన స్కాన్ చూసి "స్థూలకాయుల మెదడు ఇంతే" అనడం అన్యాయం. మెదడు తేడాల్ని మనిషి గుణాలతో నమ్మకంగా ముడిపెట్టాలంటే వేలమంది కావాలని 2022లో నేచర్ పత్రికలో వచ్చిన విశ్లేషణ తేల్చింది.

సందేహాల_సత్యం
చచ్చిన చేపని స్కాన్ చేసిన కథ ఇదేనా?

స్కానింగ్_మూర్తి
అదే. 2009లో అమెరికాలో చచ్చిన సాల్మన్ చేపని యంత్రంలో పెట్టి మనుషుల ఫొటోలు చూపించారు. గణాంకాల్ని సరిదిద్దకుండా లెక్కిస్తే చేప మెదడులో కూడా "చురుకుదనం" కనిపించింది, సరిదిద్దితే మాయమైంది. ఏ స్కాన్ వార్త చదివినా మూడు ప్రశ్నలు వేసుకోండి. ఎంతమంది? ఆకలిగా ఉన్నారా, తిని వచ్చారా? గణాంకాలు సరిదిద్దారా?

గ్రంథుల_డాక్టర్
మూర్తి గారి జాగ్రత్తలన్నీ ఒప్పుకుంటా. అయినా మెదడే ఆకలిని నడుపుతుందనడానికి స్కాన్ల కంటే గట్టి రుజువు ఉంది. 1994లో రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం లెప్టిన్ జన్యువుని పట్టుకుంది. లెప్టిన్ కొవ్వు కణాల్లో పుడుతుంది, "నిల్వలు ఉన్నాయి" అని మెదడులో ఆకలిని చూసుకునే హైపోథాలమస్‌కి కబురు పంపుతుంది. 1997లో కేంబ్రిడ్జ్ బృందం పుట్టుకతోనే లెప్టిన్ లేని ఇద్దరు పిల్లల్ని గుర్తించింది. వాళ్లలో అమ్మాయి బరువు తొమ్మిదేళ్లకే 94 కిలోలు. రోజూ లెప్టిన్ ఇంజెక్షన్ ఇస్తే ఏడాదిలో 16 కిలోలు తగ్గింది. ఆ పిల్లకి ఎవరూ నిగ్రహం నేర్పలేదు, లేని హార్మోను ఇచ్చారు.

2007లో అదే బృందం లెప్టిన్ లోపమున్న మరో ఇద్దరు కుర్ర వయసువాళ్లని స్కాన్ చేసింది. చికిత్సకి ముందు కడుపు నిండా తిన్నాక కూడా తిండి బొమ్మలకి మెదడులో కోరికతో ముడిపడ్డ న్యూక్లియస్ అకంబెన్స్ అనే భాగం స్పందించేది. ఏడు రోజులు లెప్టిన్ ఇచ్చాక ఆకలిగా ఉన్నప్పుడే స్పందించింది. కోరిక, ఆకలి వేర్వేరు అరల్లో లేవని ఇంత స్పష్టంగా చూపింది ఇంకోటి లేదు.

ఒక్క మాట. మామూలు స్థూలకాయంలో లెప్టిన్ తక్కువ ఉండదు, ఎక్కువే ఉంటుంది, మెదడు దాన్ని సరిగా పట్టించుకోదు. కాబట్టి మార్కెట్లో "లెప్టిన్ సప్లిమెంట్" అని అమ్మేవి కొనొద్దు. లెప్టిన్ ప్రొటీను, మింగితే కడుపులోనే అరిగిపోతుంది.

నిజామాబాద్_నర్సన్న
డాక్టర్ సాబ్, మరి తగ్గినోళ్లు మల్ల ఎందుకు పెరుగుతున్నరు? ఆర్నెల్లు మంచిగ తగ్గి, ఏడాదికి ఉన్నకాడికే వస్తరు.

గ్రంథుల_డాక్టర్
నర్సన్న గారూ, 2011లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఆస్ట్రేలియా అధ్యయనం సరిగ్గా దీనికే జవాబు. 50 మందిని తీసుకుని 10 వారాలు చాలా తక్కువ క్యాలరీల ఆహారం ఇచ్చారు. చివరిదాకా ఉన్నవాళ్లు సగటున 13.5 కిలోలు తగ్గారు. లెప్టిన్ పడిపోయింది, ఆకలి పుట్టించే గ్రెలిన్ పెరిగింది. ఏడాది తర్వాత మళ్లీ కొలిచినా హార్మోన్లు పూర్వస్థితికి రాలేదు, ఆకలి ఎక్కువే ఉంది. అంటే తగ్గిన మనిషి ఏడాది పొడుగునా మామూలు కంటే ఎక్కువ ఆకలితో పోట్లాడుతున్నాడు. పక్కవాళ్లకేమో "బద్ధకించాడు" అనిపిస్తుంది.

జిమ్_జగదీశ్
సరే, ఆకలి ఎక్కువ ఉంటుందని ఒప్పుకుంటా. కానీ పద్మజ గారు అడిగింది కడుపు నిండినవాడి సంగతి కదా. అక్కడ ఆకలి ఏది?

సందేహాల_సత్యం
అది మెదడులో కబుర్లు మోసే డోపమైన్ అనే రసాయనం వల్ల. స్థూలకాయుల్లో దాన్ని అందుకునే గ్రాహకాలు తక్కువ, ఆ లోటు తీర్చుకోడానికి తింటారు, మందు అలవాటున్నవాళ్లలాగా అని ఎక్కడో చదివాను.

స్కానింగ్_మూర్తి
సత్యం గారు, మీరు చదివింది 2001 నాటి లాన్సెట్ వ్యాసం మాట. అమెరికాలోని బ్రూక్‌హేవన్ ప్రయోగశాలలో బాగా స్థూలకాయం ఉన్న పదిమందిని పెట్ అనే ఇంకో రకం స్కాన్ చేస్తే, బీఎంఐ (ఎత్తుతో పోల్చిన బరువు లెక్క) ఎక్కువైన కొద్దీ డీ2 రకం డోపమైన్ గ్రాహకాలు తక్కువగా కనిపించాయి. తర్వాత వచ్చినవాటిలో కొన్ని సమర్థించాయి, కొన్ని ఎదురు చెప్పాయి. 2025లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ వాళ్లు 50 మంది మీద, కొవ్వూ చక్కెరా బాగా ఉన్న మిల్క్‌షేక్‌తో పెట్ స్కాన్ చేశారు. డోపమైన్ స్పందన ఒక్కొక్కరిలో ఒక్కోలా ఉంది, శరీరంలో కొవ్వుతో దానికి చెప్పుకోదగ్గ సంబంధం కనిపించలేదు. మందు, మాదకద్రవ్యాలతో తిండిని సమానం చేసే మాటని గుడ్డిగా నమ్మొద్దు.

జగదీశ్ గారి ప్రశ్నకి ఇంకో ప్రయోగం దగ్గరగా ఉంది. 2023లో నేచర్ మెటబాలిజంలో డచ్ బృందం ఒకటి ప్రచురించింది. ముక్కులోంచి గొట్టం వేసి గ్లూకోజ్‌ని గానీ కొవ్వుని గానీ నేరుగా కడుపులోకి పంపారు. చూపు లేదు, వాసన లేదు, రుచి లేదు. సన్నగా ఉన్నవాళ్లలో పోషకం లోపలికి చేరగానే మెదడులో చాలాచోట్ల చురుకు తగ్గింది, అంటే "వచ్చింది, చాలు" అన్న కబురు చేరింది. స్థూలకాయం ఉన్నవాళ్లలో ఆ తగ్గుదల దాదాపు లేదు. డోపమైన్ గ్లూకోజ్‌కి రెండు గుంపుల్లోనూ విడుదలైంది, కొవ్వుకి మాత్రం సన్నటివాళ్లలోనే. స్థూలకాయం ఉన్నవాళ్లు 12 వారాల్లో 10 శాతం బరువు తగ్గాక మళ్లీ చూస్తే స్పందన తిరిగి రాలేదు.

కడుపు నిండినా "చాలు" అన్న కబురు సరిగా అందకపోతే, ఎదురుగా డబ్బా కనిపిస్తున్నప్పుడు చెయ్యి పోవడంలో వింతేముంది?

పథ్యం_పద్మజ
తిరిగి రాలేదంటే శాశ్వతంగా పోయినట్టేనా? రెండో రకంవాళ్లు వెంటనే పట్టుకునేది ఈ ముక్కనే.

గ్రంథుల_డాక్టర్
అలా అనడానికి లేదు. వాళ్లు చూసింది 12 వారాలు, అదీ బరువు ఇంకా దిగుతున్న దశలో. బరువు నిలబడి రెండు మూడేళ్లయ్యాక ఎలా ఉంటుందో ఆ ప్రయోగం చెప్పదు. వచ్చినవాళ్లకి ఇంతే చెప్పండి: "మీ కడుపు కబురు మెల్లిగా, మసకగా అందుతోంది. కాబట్టి కబురు కోసం ఎదురుచూడకుండా వడ్డన ముందే లెక్క కట్టుకుందాం."

మనసు_మాధవి
ఇక రెండో ప్రశ్నకి వద్దాం. తిండి ఎంచుకునే క్షణంలో మెదడు ఏం చేస్తుందో చూస్తే పద్ధతి దానంతట అదే అర్థమవుతుంది.

2009లో అమెరికాలోని కాల్‌టెక్ విశ్వవిద్యాలయంలో డైటింగ్ చేస్తున్న 37 మందిని స్కాన్‌లో పెట్టి తినుబండారాల్ని ఎంచుకోమన్నారు. నుదుటి వెనక మధ్యభాగం, వీఎంపీఎఫ్‌సీ, ప్రతి తిండికీ ఒక విలువ కడుతుంది. నిగ్రహించుకోగలిగినవాళ్లలో ఆ విలువలోకి రుచితోపాటు ఆరోగ్యం కూడా వచ్చి చేరింది, అప్పుడు పక్కభాగం డీఎల్‌పీఎఫ్‌సీ ఎక్కువ చురుగ్గా ఉంది. మిగతావాళ్లలో రుచి ఒక్కటే. 2011లో అదే బృందం "ఇది ఆరోగ్యానికి ఎలాంటిదో గమనించండి" అని గుర్తుచేసి ఎంచుకోమంటే మామూలు మనుషుల ఎంపికలే మారిపోయాయి. 2015లో ఇంకో ముక్క తేలింది. రుచి గురించిన సమాచారం నిర్ణయంలోకి ఆరోగ్య సమాచారం కంటే సుమారు 195 మిల్లీసెకన్లు ముందే వచ్చేస్తుంది. గబుక్కున నిర్ణయిస్తే రుచే గెలుస్తుంది.

వీటిలో ఉన్నవాళ్లంతా స్థూలకాయులు కారు, అది గుర్తుంచుకోండి. పద్ధతి మాత్రం అందరికీ పనికొస్తుంది: నిర్ణయం డబ్బా ముందు నిలబడి తీసుకోకూడదు. సాయంత్రం ఆరింటికే తీసుకోవాలి.

నిజామాబాద్_నర్సన్న
చెప్పుడు అల్కనే మేడం. ఇంట్ల ఎట్ల చెయ్యాలె, అది చెప్పున్రి.

మనసు_మాధవి
చెప్తా నర్సన్న గారూ. ముందుగా రోజంతా ఎలా తింటున్నారో చూడాలి. పొద్దున కాఫీ, మధ్యాహ్నం కాస్త, రాత్రి పెద్ద భోజనం అయితే తొమ్మిదిన్నర గొడవ తప్పదు. మూడు పూటలు, మధ్యలో రెండు చిన్న తిండ్లు, ఎక్కడా నాలుగు గంటలకి మించి ఖాళీ లేకుండా. ఇది కుదిరేదాకా మిగతావి మొదలుపెట్టొద్దు.

తర్వాత ఒక వాక్యం రాయించాలి: "ఫలానాది జరిగితే ఫలానాది చేస్తా." ఉదాహరణకి "సీరియల్ మొదలయ్యాక మిక్చర్ గుర్తొస్తే, లేచి పళ్లు తోముకుని, మజ్జిగ గ్లాసుతో మేడ మీదకి వెళ్తా." "మిక్చర్ తినను" అని రాస్తే పనిచేయదు, ఎందుకంటే ఆ క్షణంలో ఏం చెయ్యాలో అందులో లేదు. చెయ్యాల్సిన పని, చోటు, సమయం ఉండాలి. ఒక్క సందర్భానికి ఒక్క వాక్యమే. ఒకేసారి అయిదు రాయిస్తే ఏదీ గుర్తుండదు.

కోరిక వచ్చిన క్షణంలో దాంతో వాదించొద్దు. తిండి మీద కోరిక చాలావరకు బొమ్మగా మెదులుతుంది: రంగు, కరకర, కారం. బొమ్మని ఇంకో బొమ్మతోనే తోసెయ్యాలి. మూడు నాలుగు నిమిషాలు కళ్లకి పని పెట్టే ఆట, ముగ్గు గీయడం, అల్మరా సర్దడం ఏదైనా సరే. కోరిక తీవ్రత అప్పుడు తగ్గుతుందని ప్రయోగాల్లో పదేపదే కనిపించింది. పూర్తిగా పోదు, తగ్గుతుంది. పదిహేను నిమిషాల తర్వాత ఇంకా కావాలనిపిస్తే 25 గ్రాములు గిన్నెలో వేసుకుని, టీవీ ముందు కాకుండా కూర్చుని తినమనండి. అది ఓటమి కాదు, ముందే ఒప్పుకున్న వాటా.

వంటింటి_వరలక్ష్మి
మిక్చర్ లెక్క నేను చెప్తా. 100 గ్రాములకి 500 నుంచి 550 క్యాలరీలు. ఆడవాళ్ల గుప్పెడు 25-30 గ్రాములు పడుతుంది, అంటే 125 నుంచి 165 క్యాలరీలు. డబ్బాలోంచి నేరుగా తింటే నాలుగు గుప్పెళ్లు తెలీకుండానే అయిపోతాయి, రాత్రి భోజనం అంత. ఇంటికి తెచ్చిన రోజే 25 గ్రాముల చొప్పున చిన్న పొట్లాలు కట్టి, స్టూలు వేసుకుంటే గానీ అందని చోట పెట్టాలి. ఇంట్లో పిల్లలకి కావాలి, పూర్తిగా తేవడం మానలేం అనేవాళ్లకి ఇదే దారి.

పథ్యం_పద్మజ
వరలక్ష్మి గారు, పొద్దున టిఫిన్‌లో ప్రొటీను పెంచితే రాత్రి తిండి తగ్గుతుందంటారు. ఇడ్లీ దోసెలతో కుదురుతుందా?

వంటింటి_వరలక్ష్మి
ఇడ్లీలతో కుదరదు. ఒక ఇడ్లీలో ప్రొటీను రెండు గ్రాములు, నాలుగు తిన్నా ఎనిమిదే. 35 గ్రాములు చెయ్యాలంటే ఇలా: 50 గ్రాముల పెసల్ని నానబెట్టి రెండు పెసరట్లు, 12 గ్రాములు. మూడు కోడిగుడ్లు, 18. చిన్న గిన్నెడు పెరుగు 150 గ్రాములు, అయిదు. మొత్తం 35. గుడ్డు తిననివాళ్లు 100 గ్రాముల పనీర్ వేసుకుంటే 18 వస్తుంది, కాకపోతే కొవ్వు ఎక్కువ కాబట్టి అట్టు పెనం మీద నూనె స్పూనుకి మించకూడదు. పెద్ద చెంచా నూనె 120 క్యాలరీలు, అట్టు చుట్టూ ధారగా పోస్తే ఇట్టే రెండు చెంచాలవుతుంది.

స్కానింగ్_మూర్తి
ఆ 35 గ్రాములకి ఆధారం 2013 నాటి చిన్న అధ్యయనం. టిఫిన్ మానేసే అలవాటున్న, బరువెక్కువ ఉన్న 20 మంది టీనేజీ అమ్మాయిలకి 350 క్యాలరీల టిఫిన్ ఇచ్చారు. ఒక వారం 13 గ్రాముల ప్రొటీనుతో, ఇంకో వారం 35 గ్రాములతో. 35 ఉన్నప్పుడు సాయంత్రం తిండి బొమ్మలకి మెదడు స్పందన తగ్గింది, రాత్రి చిరుతిళ్లూ తగ్గాయి. మొత్తం మీద నమ్మదగ్గ దారే, ఇరవై మందే అన్నది మాత్రం మరవద్దు. వరలక్ష్మి గారి టిఫిన్ 350 దాటి 450 పైన ఉంటుంది, అది మధ్యాహ్నం అన్నంలో సర్దుకోవాలి.

జిమ్_జగదీశ్
ప్రొటీను మాట నేను ఎప్పట్నించో మొత్తుకుంటున్నదే. అయితే మా వాళ్లలో చాలామంది పదహారు గంటల ఉపవాసం చేస్తారు, బాగానే తగ్గుతున్నారు. మాధవి గారు నాలుగు గంటలకోసారి తినమంటే ఎలా?

మనసు_మాధవి
ఉపవాసం పడేవాళ్లకి పడుతుంది, కాదనను. అదుపు తప్పి తినే జబ్బున్నవాళ్లకి మాత్రం అది విషం. గుర్తుపట్టడం ఇలా: రెండు గంటల్లోపు మామూలు మనిషి తినలేనంత తినడం, తింటున్నప్పుడు ఆపుకోలేకపోతున్నానన్న భావన, వారానికి కనీసం ఒకసారి చొప్పున మూడు నెలలు. దాంతోపాటు గబగబా తినడం, నొప్పిపుట్టేదాకా తినడం, ఆకలి లేకపోయినా తినడం, సిగ్గుతో ఒంటరిగా తినడం, తిన్నాక తనమీద తనకే అసహ్యం. వీటిలో మూడైనా ఉంటే డైట్ చార్టు పక్కనపెట్టి సైకాలజిస్టు దగ్గరకి పంపాలి. పగలు పస్తుండి రాత్రి విరుచుకుపడే చక్రం వాళ్లలో ఉపవాసంతో ఇంకా బిగుసుకుంటుంది.

పద్మజ గారు చెప్పిన తొమ్మిదిన్నర కేసుల్లో ఇంకోటి కూడా చూడాలి. రోజు మొత్తం తిండిలో నాలుగో వంతు గానీ అంతకుమించి గానీ రాత్రి భోజనం తర్వాతే అవుతోందా? నిద్రలోంచి వారానికి రెండుసార్లయినా లేచి తింటున్నారా? అయితే అది రాత్రి తిండి సిండ్రోమ్ కావచ్చు.

డాలస్_సుధ
ఇక్కడ అమెరికాలో డాక్టర్లు బీఎంఐ 30 దాటితేనే స్థూలకాయం అంటారు. 27 ఉన్న మనవాళ్లు "నాకేం లేదు" అనుకుని ఊరుకుంటున్నారు. అక్కడ లెక్క వేరా?

గ్రంథుల_డాక్టర్
వేరు సుధ గారూ. భారతీయులకి 23 దాటితే బరువెక్కువ, 25 దాటితే స్థూలకాయం. నడుము మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటకూడదు. మనవాళ్లలో తక్కువ బీఎంఐకే పొట్ట చుట్టూ కొవ్వు, షుగర్ వచ్చేస్తాయి. డాలస్‌లో ఉన్నా శరీరం మనదే కదా, అక్కడి డాక్టరుకి నడుము కొలత చూపించి అడగమనండి.

ఇంకెవరూ అనలేదు కాబట్టి మందుల సంగతి నేనే తీస్తా. మౌంజారో (టిర్జెపటైడ్ మందు) మన దేశంలోకి 2025 మార్చిలో వచ్చింది, వెగోవీ (సెమాగ్లుటైడ్ మందు) జూన్‌లో. వీటిని వాడేవాళ్లు ముందుగా చెప్పేది "బుర్రలో తిండి రొద ఆగింది" అని. పేగు హార్మోను జీఎల్‌పీ-1ని అనుకరించే మందులివి, మెదడు కాండంలోనూ హైపోథాలమస్‌లోనూ వాటికి గ్రాహకాలున్నాయి. సెమాగ్లుటైడ్ మీద 1961 మందితో జరిగిన ట్రయల్‌లో 68 వారాల్లో సగటున 14.9 శాతం బరువు తగ్గింది, మందు లేని ఉత్తి ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లకి 2.4. ఆపేసిన ఏడాదిలో తగ్గినదాంట్లో మూడింట రెండు వంతులు తిరిగొచ్చింది.

మనసు_మాధవి
ఆ చివరి వాక్యం కోసమే డాక్టరు గారూ, మందుతోపాటు అలవాట్ల పని కూడా మొదటి రోజునుంచే జరగాలంటాను. రొద లేని ఆ నెలల్లోనే పూటలు, వాటాలు, వాక్యాలు కుదురుకోవాలి.

గ్రంథుల_డాక్టర్
కుదురుకోవాలి, ఒప్పుకుంటా. కానీ అలవాట్లు కుదిరాయి కదా అని మందు ఆపేయడం కూడా తప్పే. బీపీ మాత్ర ఏళ్లతరబడి ఇస్తాం కదా, ఇక్కడ మాత్రం ఆర్నెల్లకే ఎందుకు తొందర?

స్కానింగ్_మూర్తి
రొద గురించి నేరుగా చూసిన ఒక కేసు ఉంది. అదుపు తప్పి తినేవాళ్ల మెదడులో న్యూక్లియస్ అకంబెన్స్ దగ్గర ఎలక్ట్రోడ్లు పెట్టి, కోరిక సంకేతం కనిపించగానే చిన్న విద్యుత్తు ఇచ్చే ప్రయోగం పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో నడుస్తోంది. 2022లో ఇద్దరి ఫలితాలు వచ్చాయి, ఆర్నెల్లలో ఇద్దరికీ అదుపు మెరుగైంది. 2025లో అదే బృందం టిర్జెపటైడ్ వాడుతున్న ఒకరి రికార్డింగులు ప్రచురించింది. మందు డోసు పూర్తిగా అందిన మొదటి నెలల్లో కోరిక సంకేతంగా కనిపించే తక్కువ వేగపు మెదడు తరంగాలు, తిండి ధ్యాస రెండూ అణిగాయి. కొన్ని నెలలకి తరంగాలు తిరిగొచ్చాయి, ధ్యాసా తిరిగొచ్చింది. ఒక్క మనిషి మాట కాబట్టి అందరికీ అలాగే అవుతుందనలేం. అయినా "మందు వేసుకుంటే రొద శాశ్వతంగా పోతుంది" అని ఎవరికీ మాట ఇవ్వకూడదు.

నిజామాబాద్_నర్సన్న
ఇంజెక్షన్ ఎవలు తీస్కోవద్దు? మెడికల్ షాపుల అడిగి తెచ్చుకుంటున్నరు మా దిక్కు.

గ్రంథుల_డాక్టర్
అది ప్రమాదం నర్సన్న గారు. ఇంట్లో ఎవరికైనా మెడ్యులరీ థైరాయిడ్ క్యాన్సర్ వచ్చి ఉంటే తీసుకోకూడదు. క్లోమం వాపు వచ్చినవాళ్లకి సాధారణంగా ఇవ్వం. గర్భం అనుకునేవాళ్లు సెమాగ్లుటైడ్‌ని కనీసం రెండు నెలల ముందు ఆపాలి. షుగర్‌కి గ్లిమెపిరైడ్ గానీ ఇన్సులిన్ గానీ వాడేవాళ్లకి ఆ డోసు తగ్గించకుండా ఇది మొదలుపెడితే షుగర్ పడిపోతుంది.

డోసు మెట్లు దాటించకూడదు. సెమాగ్లుటైడ్ వారానికి 0.25 మి.గ్రా. తో నాలుగు వారాలు, తర్వాత 0.5, 1, 1.7, 2.4, ఒక్కో మెట్టు నాలుగేసి వారాలు. తొందరపడి పెంచితే వాంతులు, మలబద్ధకం, ఒంట్లో నీరు తగ్గడం. త్వరగా తగ్గితే పిత్తాశయంలో రాళ్లు కూడా రావచ్చు. తగ్గేదాంట్లో కొవ్వుతోపాటు కండ కూడా పోతుంది, దానికి మాత్రం జగదీశ్ గారి దగ్గరకే పంపాలి.

జిమ్_జగదీశ్
పంపండి, చూసుకుంటాం. వారానికి రెండు మూడు రోజులు బరువులతో వ్యాయామం, పెద్ద కండరాలకి: కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడకి పుషప్, బ్యాండుతో లాగడం. ఒక్కోటి 8 నుంచి 12 సార్లు, రెండు విడతలు. చివరి రెండు కష్టంగా ఉండాలి. వాంతులు ఉన్న రోజుల్లో వద్దు, నీళ్లు తక్కువై కళ్లు తిరుగుతాయి.

నిజామాబాద్_నర్సన్న
నైట్ డ్యూటీ చేసేటోళ్లకు ఏం చెప్తరు? నిద్ర లేకుంటే ఆకలి ఎక్కువైతది అంటరు, నిజమేనా?

మనసు_మాధవి
నిజమే. 2004లో ఆరోగ్యంగా ఉన్న 12 మంది కుర్రవాళ్లని రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిస్తే లెప్టిన్ 18 శాతం తగ్గింది, గ్రెలిన్ 28 శాతం పెరిగింది. 2013 స్కాన్ అధ్యయనంలో ఒక రాత్రి నిద్ర లేకపోతే నుదుటి వెనక భాగాల చురుకు తగ్గింది, భావోద్వేగాలతో ముడిపడ్డ అమిగ్డలా అనే భాగం చురుకు పెరిగింది, క్యాలరీలు ఎక్కువున్న తిండి మీదకి మనసు పోయింది. ఉల్టా చేసి చూసినా అంతే. 2022లో తక్కువ నిద్రపోయే 80 మందిని దాదాపు 1.2 గంటలు ఎక్కువ పడుకునేలా చేస్తే, డైట్ గురించి ఒక్క మాట చెప్పకుండానే రోజుకి 270 క్యాలరీలు తక్కువ తిన్నారు.

నైట్ డ్యూటీవాళ్లు పెద్ద భోజనం డ్యూటీకి బయల్దేరే ముందే చెయ్యాలి. రెండింటికి ఇంటినుంచి తెచ్చిన చిన్న డబ్బా: ఉడికించిన శనగలు గానీ గుడ్లు గానీ పెరుగన్నం కొంచెం గానీ. క్యాంటీన్‌లో బజ్జీలు చూశాక ఎంచుకోవడం కాదు, డబ్బా ఇంట్లోనే కట్టుకోవాలి. టీ చివరి కప్పు డ్యూటీ సగంలోనే అయిపోవాలి, లేకపోతే పొద్దున పడుకోలేరు. గదికి మందపాటి కర్టెన్, ఫోను బయట.

పథ్యం_పద్మజ
చివరగా ఒకటి. మూడేళ్ల పిల్లాడు, 24 కిలోలు, ఎంత పెట్టినా ఇంకా కావాలని ఏడుస్తాడు, చెత్తబుట్టలోది కూడా తీసుకుంటాడు. "గారాబం చేసి పెంచారు" అని తల్లిని ఇంటిల్లిపాదీ అంటున్నారట. ఎక్కడికి పంపాలి?

గ్రంథుల_డాక్టర్
వెంటనే పిల్లల ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల డాక్టరు) దగ్గరకి పంపండి. అయిదేళ్లలోపు తీవ్ర స్థూలకాయం, దాంతోపాటు అణగని ఆకలి ఉంటే జన్యు పరీక్ష చేయించాలి. లెప్టిన్, లెప్టిన్ గ్రాహకం, పీఓఎంసీ, ఎంసీ4ఆర్ జన్యువులు చూస్తారు. ఒకే జన్యువు వల్ల వచ్చే స్థూలకాయంలో ఎక్కువగా కనిపించేది ఎంసీ4ఆర్. పుట్టినప్పుడు ఒళ్లు మెత్తగా ఉండి పాలు తాగలేకపోయాడా అని కూడా అడగండి, అది ప్రాడర్-విల్లీ అనే జన్యు జబ్బు వైపు చూపిస్తుంది, దానికి పరీక్ష వేరు. మేనరికం పెళ్లా అన్నది తప్పకుండా రాసి పంపండి, లెప్టిన్ లోపం లాంటివి అలాంటి కుటుంబాల్లోనే ఎక్కువ. హైదరాబాద్‌లో అయితే నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. పుట్టినప్పటి నుంచి బరువు, ఎత్తు రాసిన టీకాల కార్డు తీసుకెళ్లమనండి. ఏ నెలనుంచి గీత పైకి లేచిందో డాక్టరు ముందు చూసేది అదే.

పథ్యం_పద్మజ
మేనరికమే. కార్డు కూడా ఉంది, రేపే పంపిస్తున్నా.